తలా రెండు పాయింట్ ఏడు శాతం

రహస్యం అనేది కాపాడవలసిన వస్తువని ప్రభుత్వానికి ఒక మంగళవారం నాడు హఠాత్తుగా తెలిసింది. అంతకు ముందు తెలియదని కాదు. తెలుసు, కానీ ఫైల్లో ఉంది. ఎక్కడో ఒక ఊళ్ళో హెచ్ఐవీ పరీక్ష చేయించుకున్న ఒకాయన ఫలితం కాగితాన్ని ఆసుపత్రి ఊడ్చే మనిషి ఎత్తి చూశాడు. చూసినవాడు ఊరుకోక టీ బంకు దగ్గర చెప్పాడు. పాపం ఆయన సామాను సర్దుకుని ఊరే విడిచి వెళ్ళిపోయాడు. సంగతి పేపర్లో పడింది. దాంతో ఇన్నేళ్ళూ హాయిగా పడుకున్న ఫైలు లేచి కూర్చుంది.

తాటిమట్ల ఏరియా ఆసుపత్రిలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్న రూతమ్మకు ఆ వార్త చదివి కడుపు మండిపోయింది. పదహారేళ్ళుగా కాంట్రాక్టు మీద ఆవిడ అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుంటోంది. ఆవిడ పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. రక్తం తీయక ముందు మనిషిని కూర్చోబెట్టి ఇది ఏం పరీక్షో, ఏది వస్తే ఏం చేయాలో విడమర్చి చెప్పి, ఒప్పుకుంటేనే పంపడం. ఫలితం వచ్చాక తలుపు వేసి, ఆ మనిషికి మాత్రమే చెప్పడం. మధ్యలో ఉండేది ఒక అరగంట. ఆ అరగంట ఎదుటివాళ్ళకు ఎంత పొడుగ్గా ఉంటుందో రూతమ్మకు తెలుసు. అందుకని స్టీలు గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, "పొద్దున ఏం తిన్నావ్?" అని మొదలుపెట్టి ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండేది. ఇన్నేళ్ళలో ఒక్క ఫలితం కూడా ఆవిడ నోట్లోంచి గడప దాటలేదు. ఇంటికెళ్ళాక వాళ్ళాయన "ఏంటి ఇవాళ విశేషాలు?" అని అడిగితే, "మధ్యాహ్నం కరెంటు పోయింది" అని చెప్పే మనిషి.

అందుచేత గోప్యత విషయంలో ప్రభుత్వం నడుం బిగించిందని విన్నప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆవిడే. ఆ సంతోషం సరిగ్గా పదకొండు రోజులు నిలిచింది. పన్నెండో రోజున పానకాలరావు గారు వచ్చారు.

పానకాలరావు గారు జిల్లా గోప్యతా పర్యవేక్షణాధికారి. అలాంటి పోస్టు అంతకు ముందు లేదు, ఆయన కోసమే పుట్టింది. ఆరోగ్య శాఖకూ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. ఇరవై రెండేళ్ళు ఎన్నికల విభాగంలో పనిచేసి, డెప్యుటేషన్ మీద ఇటు వచ్చారు. ఆయన చేతుల మీదుగా లక్షల ఓట్లు వెళ్ళాయి, ఒక్క ఓటు కూడా ఎవరిదో బయటపడలేదు. అది ఆయన జీవితంలో చెప్పుకోదగ్గ గొప్ప, చెప్పుకుంటూనే ఉంటారు.

సిబ్బందినంతా ఓపీ హాల్లో కూర్చోబెట్టి ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఈ దేశంలో కోట్లాది మంది ఓటు వేస్తున్నారు. ఎవరు ఎవరికి వేశారో ఎవరికైనా తెలుసా?"

తెలియదన్నట్టు అందరూ తలలూపారు.

"తాటిమట్లలో ఒక రక్తపు చుక్క ఎవరిదో మాత్రం మీ అందరికీ తెలుసు. ఎందుచేత? దాని మీద గుర్తు పెడుతున్నారు కనుక. బ్యాలెట్ మీద పేరు రాస్తామా?"

ల్యాబ్ టెక్నీషియన్ ఖాదర్‌వలీ లేచాడు. "పేరు రాయటంలా సార్. నంబరే ఏస్తన్నాం."

"నంబరు మాత్రం ఏమిటయ్యా? అంకెల్లో రాసిన పేరు. ఇకమీదట అదీ ఉండదు. పరీక్ష చేస్తావు, చీటీ మీద ఫలితం రాస్తావు, మడత పెట్టి పెట్టెలో వేస్తావు. అంతటితో నీ బాధ్యత సమాప్తం."

"మరి ఏ చీటీ ఎవరిదో ఎట్టా తెలుస్తది సార్?"

"తెలియకూడదు. ఆ తెలియకపోవడాన్నే గోప్యత అంటారు. ఇన్నాళ్ళూ నువ్వు దాన్ని లోపం అనుకున్నావు."

ఖాదర్‌వలీ కూర్చున్నాడు. కూర్చున్నాక కూడా నోరు కాస్త తెరుచుకునే ఉంది. రూతమ్మ లేచి, "మరి ఆ మనిషికి ఫలితం చెప్పేదెట్టా సార్?" అని అడిగింది.

పానకాలరావు గారు జాలిగా చూశారు. "అమ్మా, నేను పదేళ్ళ రికార్డులు తిరగేయించాను. మన జిల్లాలో రహస్యం బయటపడిన కేసుల్లో సగానికి సగం, రోగి తన నోటితో తాను చెప్పుకున్నవే. అక్కకు ఒకరు, బావమరిదికి ఒకరు. అంటే లీకు ఎక్కడ మొదలవుతోంది? రోగి దగ్గర. గోప్యతకు మొట్టమొదటి ముప్పు రోగే. ఆ ముప్పును మనం మొదట్లోనే నివారిస్తున్నాం."

హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దాన్ని అంగీకారంగా మినిట్స్‌లో రాసుకున్నారు.

ఆ వారంలోనే ఎక్స్‌రే గది ఖాళీ చేసి స్ట్రాంగ్ రూమ్ చేశారు. మూడు తాళాలు, మూడు తాళంచెవులు, ముగ్గురి దగ్గర. ఎక్స్‌రేలు కావలసినవాళ్ళు ఇరవై కిలోమీటర్లు పోయి తీయించుకోవాలి. రూతమ్మ గదికీ ల్యాబ్‌కూ మధ్య వరండాలో హోంగార్డు బసవయ్యను నిలబెట్టారు. రూతమ్మకు మనుషులు తెలుసు, ఖాదర్‌వలీకి రక్తం తెలుసు, ఆ ఇద్దరూ మాట్లాడుకుంటే కొంప మునుగుతుందని. పదహారేళ్ళుగా కలిసి టీ తాగుతున్న ఆ ఇద్దరూ ఇప్పుడు బసవయ్య ద్వారా "టీ తాగారా?" అని అడిగించుకోవలసి వచ్చింది. బసవయ్య మొదటి రోజు ఆ ప్రశ్నలో ఏదైనా సంకేతం ఉందేమోనని నోట్ పుస్తకంలో రాసుకున్నాడు కూడా.

తర్వాతి ఉత్తర్వు నేరుగా రూతమ్మ మెడకు చుట్టుకుంది. పరీక్షకు ముందు చెప్పే మాటలు ఇకమీదట నలభై ఎనిమిది గంటల ముందే ముగియాలట. ఆ తర్వాత చెప్పేది ప్రచారం కిందికి వస్తుందట. పైగా, "ఇందుమూలంగా యావన్మంది కౌన్సెలర్లకు తెలియజేయునది ఏమనగా, నెగెటివ్ వచ్చిన మంచిది అని పలుకుట ఒక పక్షమునకు అనుకూలముగా ప్రభావితము చేయుటయే అగును. కౌన్సెలర్లు ఉభయ పక్షముల యెడ తటస్థ వైఖరి అవలంబించవలెను" అని రాశారు. పదహారేళ్ళ నుంచీ జనానికి ధైర్యం చెబుతున్న రూతమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, టేబుల్ కాలు ఎగుడుదిగుడుగా ఉంటే దాని కింద పెట్టింది.

పోలింగ్ రోజు రానే వచ్చింది. అవును, పోలింగ్ అనే అన్నారు. పరీక్షలు రోజూ చేయడం మానేసి, అందరికీ ఒకే రోజు పెట్టారు. ఓపీ హాలు ముందు షామియానా వేశారు. పానకాలరావు గారు తొలి చుక్క తానే ఇచ్చి ప్రారంభిస్తానన్నారు. ఫొటోగ్రాఫర్ సరిగా పడలేదంటే రెండోసారి కూడా చొక్కా చెయ్యి మడిచి చూపించారు. ఆయన ఎడమ చేతి చూపుడు వేలికి సిరా చుక్క పెట్టారు, తర్వాత వచ్చిన నూట పదకొండు మందికీ పెట్టారు. ఒకళ్ళే రెండుసార్లు పరీక్ష చేయించుకోకుండా ఆ ఏర్పాటు. చేయించుకుంటే దాన్ని దొంగ పరీక్షగా పరిగణిస్తామని గోడ మీద రాయించారు.

ఆ వరుసలో ఎనిమిదో నెల కడుపుతో ఒకామె వచ్చింది. ఆమెను సామ్రాజ్యం అనుకుందాం. అసలు పేరు రూతమ్మ మనకు చెప్పదు. మిరపకాయల తొడిమలు తీసే పని. భర్తతో కలిసి వలస వెళ్ళి, ఊళ్ళు తిరిగి, కాన్పుకని ఇప్పుడే వచ్చింది. అందుకే ఇన్ని నెలలూ ఈ పరీక్ష జరగలేదు. నిలబడలేక గోడకు ఆనుకుని ఉంటే రూతమ్మే కుర్చీ వేసింది.

"ఎంతసేపట్లో చెప్తారు మేడమ్మా?" అంది సామ్రాజ్యం.

అరగంట అని నాలుక చివరిదాకా వచ్చింది. "ఇరవై ఒక్క రోజులకి కౌంటింగ్ తల్లీ" అంది రూతమ్మ. అంటుంటే తన నోరు తనకే కంపు కొట్టింది.

"అప్పటికి నాకు తొమ్మిది పడతయ్. ఇయ్యాల తెలిస్తే ఇయ్యాల్నించే మాత్రలు మింగొచ్చు, బిడ్డకి రాకుండా చూడొచ్చని మొన్న మీరే చెప్తిరి గదా?"

మొన్న చెప్పింది నిజమే, అది నలభై ఎనిమిది గంటల ముందు కాబట్టి నిబంధనల ప్రకారం చెప్పింది. ఇప్పుడు ఏం చెప్పినా ప్రచారం. వరండాలో బసవయ్య నోట్ పుస్తకం తెరిచి నిలబడ్డాడు. రూతమ్మ మంచినీళ్ళ గ్లాసు మాత్రం ఇచ్చింది, దానికి ఇంకా నిషేధం రాలేదు.

ఆ ఇరవై ఒక్క రోజుల్లో సామ్రాజ్యం తొమ్మిదిసార్లు వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు రూతమ్మ బసవయ్య కళ్ళుగప్పి ఇంకోసారి రక్తం తీయిద్దామని చూసింది. కిట్లన్నీ లక్క ముద్ర వేసి స్ట్రాంగ్ రూములో పెట్టారని ఖాదర్‌వలీ కళ్ళతోనే చెప్పాడు. సామ్రాజ్యం పక్క టౌనుకు పోయి ప్రైవేటు ల్యాబ్‌లో అడిగింది. అక్కడివాళ్ళు ఆమె వేలు చూసి, "మాకూ ఉత్తర్వులొచ్చినయ్యమ్మా, సిరా ఉన్నోళ్ళకి చెయ్యం" అని పంపేశారు. ఆ సిరాను ఆమె సున్నంతో రుద్దింది, నిమ్మకాయతో రుద్దింది. మిరపకాయల ఘాటుకు చేతుల మీద తోలు ఊడిందే గానీ సిరా ఊడలేదు. ప్రభుత్వం చేసిన పనుల్లో గట్టిగా నిలిచేది అదొక్కటే ఉన్నట్టుంది.

కౌంటింగ్ రోజు పొద్దున ఎనిమిదింటికి మూడు తాళాలూ తీశారు. మూడో తాళంచెవి ఉన్నాయన పెళ్ళికి వెళ్ళడంతో నిజానికి తొమ్మిదిన్నర అయింది. ఓపీ హాల్లో బల్లలు కలిపి వేశారు. లెక్కింపు నిష్పాక్షికంగా జరగడానికి ఉభయ పక్షాలకూ ఏజెంట్లు ఉండాలని పానకాలరావు గారు పట్టుబట్టారు. నెగెటివ్ తరఫున ఫార్మసిస్టును కూర్చోబెట్టారు. పాజిటివ్ తరఫున కూర్చోడానికి ఎవరూ ముందుకు రాకపోతే బసవయ్యకు ఉత్తర్వు ఇచ్చారు.

చీటీలు విప్పి, పాతికేసి కట్టలు కట్టి లెక్కపెట్టారు. మధ్యాహ్నానికి పానకాలరావు గారు మైకు పట్టుకున్నారు.

"తాటిమట్ల కేంద్రం. మొత్తం నూట పన్నెండు. నెగెటివ్ నూట ఎనిమిది. పాజిటివ్ మూడు. తడిసి చదవడానికి వీలు కానిది, చెల్లనిది ఒకటి. నూట ఐదు ఆధిక్యంతో నెగెటివ్ విజయం సాధించినట్టు ప్రకటిస్తున్నాను. పాజిటివ్‌కు డిపాజిట్ దక్కలేదు."

చప్పట్లు మోగాయి. బసవయ్య ముఖం చిన్నబోయింది. "మనకి మూడేనా సార్?" అని రెండోసారి లెక్కపెట్టమని అడిగాడు కూడా. ఏజెంటుగా అది తన ధర్మమని అతని ఉద్దేశం.

వెనక బెంచీ మీద కూర్చున్న రూతమ్మకు చప్పట్లు వినబడలేదు. ముగ్గురు. ఈ ఊళ్ళో, ఈ వరండాలోంచే నడిచి వెళ్ళిన ముగ్గురు. మాత్రలు మందుల గదిలో ఉన్నాయి, మింగవలసిన మనుషులు ఎక్కడో ఉన్నారు, వాళ్ళెవరో ఈ భూమ్మీద ఒక్కళ్ళకు కూడా తెలియదు. పదహారేళ్ళ సర్వీసులో ఆవిడకు మొదటిసారి భయం వేసింది. సామ్రాజ్యం ఎదురుగా కూర్చుని తననే చూస్తోంది. ఆ చూపు తప్పించుకోవడానికి రూతమ్మ తల వంచుకుంది.

మరి ఫలితం తర్వాత ఇచ్చే కౌన్సెలింగ్ మాటేమిటి? దాన్ని పానకాలరావు గారు మరిచిపోయే మనిషా? మర్నాడే సర్క్యులర్ వచ్చింది. కేంద్రంలో పాజిటివ్ రెండు పాయింట్ ఏడు శాతం కనుక, పరీక్ష చేయించుకున్న ప్రతి ఒక్కరూ తలా రెండు పాయింట్ ఏడు శాతం పాజిటివ్‌గా పరిగణించబడతారు. ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు, ఎవరి పట్లా వివక్ష లేదు. ఇరవై నిమిషాల కౌన్సెలింగ్‌లో పందొమ్మిదిన్నర నిమిషాలు అభినందనలకూ, అరనిమిషం ఓదార్పుకూ కేటాయించాలి.

రూతమ్మ చచ్చినట్టు మొదలుపెట్టింది. ముందు వచ్చినతను కిరాణా కొట్టాయన. పందొమ్మిదిన్నర నిమిషాలు అభినందనలు అందుకునేసరికి ఆయనకు ఎక్కడలేని అనుమానం వచ్చింది. ఆఖరి అరనిమిషం ఓదార్చగానే ఘొల్లుమన్నాడు. "ఇంతకీ నాకుందా లేదా తల్లీ?" అంటాడు. "రెండు పాయింట్ ఏడు శాతం ఉందండీ" అంటుంది ఆవిడ. "ఎక్కడుంది ఆ రెండు శాతం? కాల్లోనా?" అని ఆయన మోకాలు తడుముకున్నాడు.

సామ్రాజ్యానికి మాత్రం రూతమ్మ ఆ మాట చెప్పలేకపోయింది. "నాకు తెలీదు తల్లీ" అంది. సామ్రాజ్యం, "మీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుసమ్మా?" అని అడిగింది. కోపంగా కూడా కాదు, నిజంగా అడిగింది. రూతమ్మ ఆ రోజు అన్నం తినలేకపోయింది.

ఇదిలా ఉండగా మందుల సంగతి తేలవలసి వచ్చింది. ముగ్గురికి నెలకు సరిపడా తొంభై మాత్రలు. ఆ ముగ్గురెవరో తెలియదు. కాబట్టి తొంభై మాత్రలనూ నూట పన్నెండు మందికి సమానంగా పంచాలని ప్రతిపాదన తయారైంది. తలా ముప్పావు మాత్ర కంటే కాస్త ఎక్కువ వస్తుంది. మాత్రలు కోయడానికి కొత్త బ్లేళ్ళు కావాలని ఖాదర్‌వలీ చేత ఇండెంటు రాయించారు. ఫైలు పై సంతకానికి వెళ్ళింది. అటు సామ్రాజ్యానికి తొమ్మిదో నెల నడుస్తోంది.

ఆ శనివారం సాయంత్రం నాలుగున్నరకు, ఓపీ అయిపోయాక, పానకాలరావు గారు ఒక్కరే రూతమ్మ గదికి వచ్చారు. మనిషి నలిగిపోయి ఉన్నారు. చొక్కాకు ఒక బొత్తం తప్పు కాజాలో పెట్టుకున్నారు. కుర్చీ అంచున కూర్చుని గొంతు తగ్గించారు.

"ఇది అధికారికం కాదమ్మా. నేనూ నూట పన్నెండు మందిలో ఉన్నాను కదా."

"ఉన్నారు సార్. తొలి చుక్క మీదే."

"రెండు పాయింట్ ఏడు శాతం అని మా ఆవిడకు చెప్పాను. భార్యకు చెప్పకూడదని నిబంధనలో లేదు. మిగతా తొంభై ఏడు శాతం నేను లోపల పడుకోవచ్చునా అని అడిగాను. మొత్తం మనిషిని వరండాలో వేసింది. నాలుగు రోజులైంది. నా కంచం కూడా వరండాలోకే వచ్చేసింది."

రూతమ్మకు నవ్వు రావలసింది, రాలేదు. "ఒక కంచంలో తిన్నా, ఒక ఇంట్లో ఉన్నా అంటదు సార్. ఈ మాట సోమవారం అమ్మగారిని తీసుకొస్తే నేనే చెప్తా. కంచం లోపల పెట్టించండి."

"అది సరేనమ్మా. నాకు రావడానికి ఏ అవకాశమూ లేదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఎప్పుడో ట్రైనింగ్ క్యాంపులో ఒక బార్బర్... కొత్త బ్లేడు వేశాడో లేదో..." ఆయన చెమట తుడుచుకున్నారు. "నిద్ర పట్టడం లేదు. కుడి చేతి వేలికి సూది గుచ్చి చూసి చెప్పకూడదా? కుడి చేతికి సిరా లేదు."

"దొంగ పరీక్ష అవుతుంది సార్. గోడ మీద రాయించారు గదా."

ఆయన తల వంచుకున్నారు. రూతమ్మ ఆయన్ను చూసింది. ఎదురుగా ఉన్నది అధికారి కాదు, ఆ అరగంట గడవని మనిషి. అలాంటివాళ్ళను వేలమందిని చూసింది. గ్లాసులో మంచినీళ్ళు పోసి చేతికిచ్చి, "పొద్దున ఏం తిన్నారు సార్?" అంది. ఆయన ఏమీ తినలేదు. బల్ల సొరుగులోంచి రెండు బిస్కెట్లు తీసి పెట్టింది. ఆయన తింటున్నంతసేపూ ఆలోచించింది. ఈయన్ని ఆరోగ్య శాఖ దారిలోకి తేవడం తన వల్ల కాదు. ఈయన దారిలోనే నడిచి వెళ్ళాలి.

"సార్, చెల్లని చీటీ ఒకటి వచ్చింది గదా. అట్టాంటప్పుడు ఎన్నికల్లో ఏం చేస్తారు?"

పానకాలరావు గారి వీపు నిటారుగా అయింది. "అనుమానం బలంగా ఉంటే రీపోలింగ్ జరపవచ్చు."

"ఒక్కళ్ళకా?"

"ఒక్కరికి ఎలా జరుపుతారమ్మా? మొత్తం కేంద్రానికి జరపాలి. నూట పన్నెండు మందికీ."

"కానీ మళ్ళీ పెట్టెలో వేస్తే మళ్ళీ ఇంతే గదా సార్. ఇప్పుడు కొత్తగా ఓటు మిషన్ పక్కన అద్దం పెట్టి, అందులో ఎవరి చీటీ వాళ్ళకి చూపిస్తన్నారంట గదా? మొన్న ఓటేసినప్పుడు నేనూ చూసుకున్నా."

ఆయన కళ్ళు వెలిగాయి. "చూపిస్తాం! ఓటరు తన చీటీని తాను చూసుకునే హక్కు ఉంది! ఏడు సెకన్లు! ఇది నాకు ముందే ఎందుకు తట్టలేదు?"

ఆ బల్ల మీదే కూర్చుని ఉత్తర్వు రాశారు. చెల్లని చీటీ దృష్ట్యా తాటిమట్ల కేంద్రమున సంపూర్ణ రీపోలింగ్. పరీక్షార్థి తన చీటీని కౌన్సెలర్ సమక్షమున ఏడు సెకన్లపాటు తిలకించవచ్చును. మాత్రల విభజన ప్రతిపాదన అంతవరకు నిలుపుదల. సంతకం పెట్టి ముద్ర వేశారు. ప్రచార నిషేధం సంగతి రాయడం మరిచిపోయారు, రూతమ్మ గుర్తు చేయలేదు.

సోమవారం కిట్లు స్ట్రాంగ్ రూములోంచి బయటికొచ్చాయి. ఈసారి సిరా కుడి చేతికి పెట్టారు. పానకాలరావు గారే మొదట వచ్చారు, ఫొటోగ్రాఫర్‌ను మాత్రం పిలవలేదు. అరగంటకు తన చీటీని ఏడు సెకన్లు కాదు, రెండు నిమిషాలు చూసుకున్నారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసుకున్నారు. "నాకు ముందే తెలుసు" అని బయటికి వెళ్ళి, సాయంత్రంలోగా ఈ ఏడు సెకన్ల పద్ధతి తన ఆలోచనేనని పైకి నివేదిక పంపించారు. వరండాలోంచి కంచం లోపలికి వెళ్ళిందో లేదో ఆ నివేదికలో లేదు.

ఆ రోజు మధ్యాహ్నానికి ఆ ముగ్గురెవరో తేలింది. ఇద్దరి సంగతి రూతమ్మకు తెలుసు, వాళ్ళకు తెలుసు, మనకు అనవసరం. మూడో చీటీ చేతిలో పట్టుకుని ఆవిడ గదిలోకి వచ్చేసరికి సామ్రాజ్యం కుర్చీలో కూర్చుని ఉంది. గుమ్మంలో బసవయ్య, హైస్కూలు డ్రిల్లు మాస్టారిని అడిగి తెచ్చిన స్టాప్ వాచీతో నిలబడ్డాడు.

"బసవయ్యా, ఓటరు చీటీ చూసుకునేటప్పుడు ఇంకో మనిషి చూడొచ్చా?"

"తప్పమ్మా. నేరం కూడాను."

"అయితే బయట నిలబడి లెక్కబెట్టు" అని రూతమ్మ తలుపు వేసి గడియ పెట్టింది.

చీటీ చేతికిస్తే సామ్రాజ్యం అటూ ఇటూ తిప్పి వెనక్కి ఇచ్చింది. "నాకు చదువు రాదు. మీరే చెప్పండి."

"ముందు కాసిని నీళ్ళు తాగమ్మా."

"తాగను. చెప్పండి."

రూతమ్మ కుర్చీ జరిపి, ఎర్రగా కమిలిపోయిన ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. "వచ్చింది తల్లీ. పాజిటివ్."

సామ్రాజ్యం ఏడవలేదు. రెండో చేతిని పొట్ట మీద పెట్టుకుంది. "లోపలున్నదానికో?" అంది.

"రాకుండా చూస్తాం. ఇయ్యాల్నించే మాత్ర. రోజూ ఒకటి, ఒక్క రోజు కూడా మానకూడదు. కాన్పు ఇక్కడే. పుట్టంగానే బిడ్డకి సిరప్పు పడతది. ఇట్టా చేసిన నా పిల్లలు ఎంతమందో బళ్ళకు పోతన్నారు. లేటయింది గానీ మించిపోలేదు."

"ఆ మూడు వారాల ముందరే మొదలుపెట్టి ఉంటే?"

అబద్ధం చెప్పడం రూతమ్మ పనిలో లేదు. "ఇంకా బాగుండేది."

అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు. దుఃఖం కంటే కోపమే ఎక్కువ ఉంది వాటిలో. "నా వొంట్లో ఉన్నదాన్ని నాకు కాకుండా దాచారా? అది ఎవరి రహస్యం అనుకున్నారమ్మా మీరంతా?"

మీరంతా అన్న మాటలో తానూ ఉన్నానని రూతమ్మకు తెలుసు. ఆ మాటను అలాగే తీసుకుంది. లేచి డబ్బా మూత తిప్పి మొదటి మాత్ర ఆమె అరచేతిలో పెట్టింది. సామ్రాజ్యం దాన్ని కాసేపు చూసి, ఇప్పుడు తానే గ్లాసు అందుకుని మింగింది.

"మా ఆయనకి నేనే చెప్తా. రేపు నేనే తోలుకొస్తా, ఆయనకీ చూడండి. మీరెవరూ చెప్పబాకండి."

"నువ్వు చెప్పిందాకా ఎవరికీ తెలవదు."

"మరి ఆయన ఎగిరితే? వాళ్ళమ్మ ఇంట్లోకి రానీకపోతే? పాలు నేనే ఇయ్యొచ్చా, ఇయ్యకూడదా?" ఒకటొకటిగా ప్రశ్నలు బయటికి రాసాగాయి. నెల రోజులుగా లోపల దాచుకున్నవి.

తలుపు టకటకా మోగింది. "అమ్మా! ఏడు సెకన్లు ఎప్పుడో అయిపోయినయ్! ఇరవై ఐదు నిమిషాలు చూపిస్తంది!"

"మూడే అయినయ్ బసవయ్యా" అంది రూతమ్మ తలుపు వైపు తిరక్కుండానే. "నువ్వు మళ్ళీ మొదట్నించీ లెక్కబెట్టు." ఆ తర్వాత సామ్రాజ్యం అడిగినవాటిలో మొదటిదానికి జవాబు చెప్పడం మొదలుపెట్టింది.